మట్టం మీద నిలిచిన లేత్

ఫిరంగుల కార్ఖానాల్లో కచ్చితత్వం నేర్చిన యంత్రం నేడు పంపు షాఫ్టుకూ ట్రాక్టరు బుష్‌కూ ప్రాణం పోస్తోంది. ఇంటి వెనుక షెడ్డులో లేత్ పెట్టుకోదలచినవారు ఏ యంత్రం ఎంచుకోవాలి, దానిని ఏ నేల మీద ఎలా నిలపాలి, ఏ పనిని దాని దరిదాపులకు రానివ్వకూడదు అన్న విషయాలపై ఈ వారం ముఖచిత్ర కథనం.

కుమ్మరి సారె మీద మట్టి తిరుగుతుంటే చేయి దానికి ఆకారమిస్తుంది. లేత్ మీద లోహం తిరుగుతుంటే ఉలి దానికి ఆకారమిస్తుంది. తిరిగే వస్తువును కదలకుండా పట్టిన పనిముట్టుతో చెక్కే ఈ పద్ధతికి తెలుగులో ‘తరిమెన పట్టడం’ అన్న పాతమాట ఉన్నది. ఏటికొప్పాక లక్కబొమ్మలు నేటికీ ఈ సూత్రం మీదనే రూపు దిద్దుకుంటున్నాయి. అయితే కొయ్యను చెక్కే తరిమెనలో కంటికి నునుపుగా కనిపిస్తే చాలు. లోహాన్ని చెక్కే లేత్‌లో మాత్రం కంటికి కనిపించని తేడాయే పనిని నిలబెడుతుంది, లేదా చెడగొడుతుంది.

సికింద్రాబాద్-కాజీపేట రైలుమార్గం మీద, హైదరాబాదు నుంచి వరంగల్లుకు వెళ్లే 163వ నంబరు జాతీయ రహదారి పక్కన ఉన్న స్టేషన్ ఘన్‌పూర్ వంటి ఊళ్లలో ఈ యంత్రానికి ఉన్న అవసరం నగరంలోని అవసరానికి భిన్నమైనది. పాత వరంగల్ జిల్లాలో భాగమై, 2016 జిల్లాల పునర్విభజనలో జనగామ జిల్లాలో చేరిన ఈ ఊరు, కోటగుళ్లున్న ములుగు వైపు ఘన్‌పూర్ నుంచి తనను వేరు చేసుకోవడానికి రైల్వే స్టేషన్‌నే పేరులో ముందు పెట్టుకున్నది. వరి, పత్తి పండే ఈ ప్రాంతంలో బోరు మోటారు షాఫ్టు అరిగినా, రోటవేటరు బుష్ ఊడినా, కోత యంత్రం పుల్లీ పగిలినా, కొత్త భాగం పట్నం నుంచి వచ్చేదాకా పంట ఆగదు. అందువల్లనే దారిపక్క వెల్డింగ్ షాపు పక్కన లేత్ షెడ్డు ఉండటం ఒక ఊరి వ్యవసాయానికి ఆసరాగా మారింది.

ఫిరంగి నేర్పిన పాఠం

లేత్ చరిత్రను ఆయుధాల చరిత్ర నుంచి విడదీసి చెప్పడం కష్టం. ఫిరంగి గొట్టం లోపలి రంధ్రం ఒక చివర నుంచి మరో చివరకు తిన్నగా, ఒకే వ్యాసంతో ఉండకపోతే గుండు గురి తప్పుతుంది, కొన్నిసార్లు గొట్టమే పగిలి పేల్చినవారి ప్రాణం తీస్తుంది. ఈ భయమే లోహాన్ని కచ్చితంగా తొలిచే యంత్రాలకు పురుడు పోసింది. ఇంగ్లండులో జాన్ విల్కిన్సన్ 1774లో ఫిరంగులను తొలిచే కొత్త పద్ధతికి పేటెంటు పొందాడు. ఆ అనుభవంతోనే అతడు తయారుచేసిన తొలుపు యంత్రం, ఎంతో కాలంగా సరైన సిలిండరు దొరకక ఇబ్బంది పడిన జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి ఆవిరి కారిపోని సిలిండరును ఇచ్చింది. 1776లో వాట్ యంత్రాలు పనిలోకి దిగడం వెనుక ఫిరంగుల తయారీలో నేర్చిన ఈ విద్య ఉన్నది.

మరలు కోసే లేత్‌కు నేటి రూపం ఇచ్చినవారిలో ప్రముఖుడైన హెన్రీ మాడ్స్‌లే పన్నెండేళ్ల వయసులోనే వూలిచ్ ఆయుధాగారంలో తూటాలు నింపే పనిలో చేరి, అక్కడి కమ్మరి కొలిమిలో చేయి తిప్పుకున్నవాడు. 1800 ప్రాంతంలో అతడు నిర్మించిన లేత్‌లో ఉలిని మనిషి చేయి కాక, పొడవైన మరకడ్డీ నడిపించింది. ఈ కడ్డీనే నేటి కార్ఖానాల్లో లీడ్ స్క్రూ అంటారు. అమెరికాలో థామస్ బ్లాంచర్డ్ 1819, 1820 సంవత్సరాల్లో పేటెంటు పొందిన లేత్, తుపాకీ కొయ్యమడమల వంటి వంకర ఆకారాలను ఒక నమూనాను చూసి అచ్చుగుద్దినట్టు చెక్కగలిగింది. స్ప్రింగ్‌ఫీల్డ్ ఆయుధాగారంలో అది సాధించిన ఫలితం, ఒక యంత్రభాగం బదులు అదే కొలత గల మరో భాగం అమర్చుకోవచ్చునన్న ఆలోచనకు బలం చేకూర్చింది.

తెలంగాణ నేలకూ ఈ చరిత్రలో తనదైన చోటు ఉన్నది. నిజామాబాదు జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అక్కడిదాకా వచ్చేవారు. కత్తిగా మారినప్పుడు అలల వంటి గీతలతో మెరిసే ఆ ఉక్కు ఈ ప్రాంతపు కమ్మరుల చేతివిద్యకు సాక్ష్యం. హైదరాబాదులో రెండవ అసఫ్‌జా నిజాం అలీఖాన్ కాలంలో ఫ్రెంచి సేనాని మిషెల్ రేమండ్ 1795లో ఫిరంగుల కార్ఖానా నెలకొల్పాడు. ‘తోప్ కా సాంచా’ అని పిలిచిన ఆ కార్ఖానా పేరే ఆబిడ్స్ పక్కన ఉన్న గన్‌ఫౌండ్రీ ప్రాంతానికి నిలిచిపోయింది. 1798లో రేమండ్ మరణించగా, అదే ఏడాది బ్రిటిష్‌వారి ఒత్తిడితో ఫ్రెంచి దళం రద్దయింది. ప్రజలు మూసా రాముడని పిలుచుకున్న ఆ సేనాని పేరు మూసారంబాగ్‌లో మిగిలింది. ఆయుధాల తయారీ నేడు రాజ్యం అనుమతితోనే నడిచే పరిశ్రమ. సంగారెడ్డి జిల్లా ఎద్దుమైలారంలో 1984లో మొదలైన ఆర్డినెన్స్ ఫ్యాక్టరీలో సైన్యానికి ‘శరత్’ పోరాట వాహనాలు తయారవుతున్నాయి.

చట్టం గీసిన గీత

అమెరికా వంటి దేశాల్లో ఇంటి గరాజులో లేత్ పెట్టుకుని సొంత తుపాకులను బాగుచేసుకోవడం, కొత్త గొట్టం అమర్చుకోవడం చాలామందికి ఆదివారపు అభిరుచి. కొన్ని రాష్ట్రాల్లో ఆంక్షలున్నప్పటికీ అక్కడి సమాఖ్య చట్టం వ్యక్తిగత వాడకానికి చేసుకునే తుపాకీని మొత్తంగా నిషేధించలేదు. అంతర్జాలంలో కనిపించే లేత్ పాఠాల్లో చాలా భాగం ఆ అభిరుచి చుట్టూ అల్లుకున్నవే కావడం వల్ల, వాటిని చూసి లేత్ కొనాలనుకునే తెలుగు పాఠకునికి ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలిసి ఉండాలి. భారతదేశంలో ఈ పని లైసెన్సు లేకుండా నేరం.

1959 ఆయుధాల చట్టంలోని 5వ సెక్షన్ లైసెన్సు లేకుండా తుపాకీని తయారుచేయడాన్నే కాక, అమ్మడాన్ని, మార్చడాన్ని, బాగుచేయడాన్ని, పరీక్షించడాన్ని కూడా నిషేధించింది. గొట్టాన్ని కురచ చేయడానికీ, బొమ్మ తుపాకీని నిజమైనదిగా మార్చడానికీ 6వ సెక్షన్ ప్రకారం లైసెన్సు కావాలి. ఆయుధం అన్న మాటలో దాని విడిభాగాలు కూడా చేరుతాయి. 2019 సవరణ తరువాత 5వ సెక్షన్‌ను ఉల్లంఘించినవారికి ఏడేళ్లకు తగ్గని జైలుశిక్ష పడుతుంది, అది యావజ్జీవ శిక్ష వరకు కూడా పోవచ్చు. తుపాకీని ఉంచుకునే లైసెన్సు ఒకటి, దానిని బాగుచేసే లైసెన్సు మరొకటి. కనుక లైసెన్సు గల తుపాకీ యజమాని సైతం తన ఆయుధాన్ని ఇంటి లేత్ మీదకు ఎక్కించడానికి వీలులేదు, లైసెన్సు పొందిన మరమ్మతుదారు వద్దకే తీసుకెళ్లాలి.

ఈ గీత గ్రామీణ ప్రాంతంలో మరింత ముఖ్యమైనది. పంట మీద పడే అడవిపందుల బెడద ఉన్నచోట నాటు తుపాకుల మోజు కూడా ఉంటుంది. షెడ్డుకు ఒక ఇనుప గొట్టం వచ్చి, దాని లోపలి రంధ్రం నునుపు చేయమన్న మాట వినిపించినప్పుడు, ఎందుకని అడగని టర్నర్ తన జీవనోపాధినే పణంగా పెడుతున్నట్టు లెక్క. తుపాకీ పని అడిగే కచ్చితత్వమే పంపు షాఫ్టు పని కూడా అడుగుతుంది. ఆ విద్యను నేర్చుకోవడానికి చట్టాన్ని దాటవలసిన అవసరం లేదు.

ఏ లేత్, ఎంత లేత్

లేత్ ఎంపిక ధర దగ్గర కాక, చేయబోయే పని దగ్గర మొదలుకావాలి. యంత్రం మొత్తాన్ని మోసే పోత ఇనుప దూలాన్ని బెడ్ అంటారు. దానికి ఎడమవైపు మోటారు శక్తిని అందుకుని వస్తువును తిప్పే హెడ్‌స్టాక్, కుడివైపు పొడవాటి వస్తువు రెండవ చివరను ఆనించి పట్టే టెయిల్‌స్టాక్, ఈ రెండింటి నడుమ ఉలిని మోసుకుంటూ అటూఇటూ జరిగే క్యారేజ్ ఉంటాయి. క్యారేజ్ మీద అడ్డంగా కదిలేది క్రాస్ స్లైడ్. వస్తువును పట్టుకునే దవడల చక్రాన్ని చక్ అంటారు.

మన సంతల్లో లేత్‌ను బెడ్ పొడవును బట్టి, నాలుగున్నర అడుగులది, ఆరడుగులది, ఎనిమిది అడుగులది అని పిలుస్తారు. కొత్తవారు మోసపోయేది ఇక్కడే. ఆరడుగుల లేత్ మీద ఆరడుగుల కడ్డీ పట్టదు. హెడ్‌స్టాక్, టెయిల్‌స్టాక్ ఆక్రమించే చోటు పోగా రెండు కేంద్రాల నడుమ మిగిలేది దాదాపు మీటరు మాత్రమే. కాబట్టి కొనేవారు అడగవలసిన కొలతలు మూడు. కేంద్రాల నడుమ దూరం ఎంత, బెడ్ మీద తిరగగల అత్యధిక వ్యాసం ఎంత, హెడ్‌స్టాక్‌లోని ప్రధాన ఇరుసు అయిన స్పిండిల్ గుండా దూరే రంధ్రం ఎంత అన్నవే ఆ మూడు కొలతలు. బోరు పంపు షాఫ్టు వంటి పొడవాటి కడ్డీని స్పిండిల్ గుండా వెనక్కి దూర్చగలిగితే చిన్న లేత్ మీద కూడా పెద్ద పని జరుగుతుంది. ట్రాక్టరు పుల్లీ వంటి వెడల్పాటి వస్తువుల కోసం చక్ ముందు బెడ్‌లోని ఒక ముక్కను ఊడదీయగల గ్యాప్ బెడ్ లేత్ ఉపయోగపడుతుంది.

చిన్న షెడ్డులో మరమ్మతుల కోసం పెట్టుకునేవారికి ఆరడుగుల మధ్యరకం లేత్ సరిపోతుంది. బరువు ఇక్కడ లోపం కాదు, గుణం. తేలికపాటి యంత్రం కోతకు అదురుతుంది, ఆ అదురు పని మీద అలలుగా ముద్ర వేస్తుంది. పోత ఇనుముకు అదురును తనలోనే మింగేసే స్వభావం ఉండటం వల్లనే లేత్ బెడ్‌ను ఉక్కుపలకలతో అతికించక, పోతపోసి తయారుచేస్తారు.

మరలు కోయడానికి వాడే పళ్లచక్రాల జత మీద కూడా కొనేవారి దృష్టి పడాలి. మన దేశంలోని చాలా లేత్‌ల లీడ్ స్క్రూ అంగుళానికి 4 మరలతో ఉంటుంది. నేడు దొరికే బోల్టులలో ఎక్కువ భాగం మిల్లీమీటరు మరలవి. ఈ రెండు లెక్కలను కలిపే వంతెన 127 పళ్ల చక్రం. అంగుళమంటే సరిగ్గా 25.4 మిల్లీమీటర్లు, ఆ సంఖ్యను ఐదుతో గుణిస్తే 127 వస్తుంది. 2 మిల్లీమీటర్ల మర కోయాలంటే నడిపే వైపు 40 పళ్లు, లీడ్ స్క్రూ వైపు 127 పళ్లు అమర్చాలి. ఒకటిన్నర మిల్లీమీటరుకు 30 పళ్లు, 127 పళ్లు. పాత లేత్‌తో ఈ 127 పళ్ల చక్రం రాకపోతే మిల్లీమీటరు మరలు కచ్చితంగా రావు కనుక, బేరం ముగిసేలోపే దాని గురించి అడగాలి.

పాత యంత్రానికి పరీక్ష

కొత్త లేత్‌లకు రాజ్‌కోట్, బటాలా పట్టణాలు పేరుపడ్డాయి. 1953లో బెంగళూరులో మొదలైన హెచ్‌ఎంటీ లేత్‌లు, ముఖ్యంగా ఎల్‌బీ 17, ఎన్‌హెచ్ 22 రకాలు, హరిహర్‌లో తయారైన మైసూర్ కిర్లోస్కర్ యంత్రాలు పాత సామాన్ల సంతలో నేటికీ గిరాకీ కలవి. హైదరాబాదులో 1943లో స్థాపితమైన ప్రాగా టూల్స్ సంస్థ చక్‌లు ఇప్పటికీ అనేక షెడ్లలో కనిపిస్తాయి. మంచి సంస్థ చేసిన పాత లేత్, పేరులేని కొత్త లేత్ కంటే మేలు కావచ్చు, కానీ ఆ మేలును పరీక్షించి తెలుసుకోవాలే తప్ప పేరును చూసి నమ్మకూడదు.

లేత్‌లో ముందు అరిగేది చక్ దగ్గరి బెడ్ భాగం, ఎందుకంటే నూటికి తొంభై పనులు అక్కడే జరుగుతాయి. దీనిని పట్టుకునే ఉపాయం తేలికైనది. క్యారేజ్‌ను చక్ దగ్గరకు తెచ్చి, దాని పట్టీల మరలను వదులు లేకుండా బిగించి, ఆ తరువాత టెయిల్‌స్టాక్ వైపు జరపాలి. బెడ్ అంతటా సమంగా ఉంటే క్యారేజ్ ఒకే తీరున కదులుతుంది, చక్ దగ్గర అరిగి ఉంటే అరగని కుడి చివర చేరేసరికి బిగుసుకుపోతుంది. అలా బిగుసుకున్న లేత్ తిన్నగా రావలసిన కడ్డీని ఒకచోట సన్నగానో లావుగానో చెక్కుతుంది. దానిని తిరిగి సానబట్టించే ఖర్చు తరచుగా యంత్రం ధరతో పోటీపడుతుంది.

స్పిండిల్ బేరింగులలో ఆట ఉన్నదా అని చూడటానికి నూరోవంతు మిల్లీమీటరును ముల్లు మీద చూపే డయల్ గేజ్‌ను బెడ్ మీద నిలిపి, దాని మొనను చక్‌కు ఆనించి, చక్‌లో బిగించిన పొడవాటి కడ్డీని చేత్తో పైకెత్తి వదలాలి. ముల్లు గట్టిగా ఊగితే బేరింగులు బిగించాలి, లేదా మార్చాలి. క్రాస్ స్లైడ్ పిడిని ఒకవైపు తిప్పి వెనక్కి తిప్పినప్పుడు ఉలి కదలడానికి ముందు పిడి ఎంత వట్టిగా తిరుగుతుందో చూడాలి. ఈ వట్టి తిరుగుడుకు అంత భయపడనక్కరలేదు, ఎప్పుడూ ఒకే దిశలో తిప్పుతూ కొలత పట్టే అలవాటుతో దానిని జయించవచ్చు. పళ్లు విరిగిన చక్రం, అరిగిన లీడ్ స్క్రూ మరలు మాత్రం ధర తగ్గించుకోవలసిన లోపాలు. రంగు కొత్తగా వేసి ఉండటం ఎన్నటికీ యోగ్యతాపత్రం కాదు.

నేల గట్టిదైతేనే

టన్నుకు అటూఇటూ బరువు తూగే ఆరడుగుల లేత్‌ను దింపేటప్పుడు చైన్ బ్లాక్‌కు కట్టిన పట్టాలు బెడ్‌ను మాత్రమే మోయాలి, లీడ్ స్క్రూ మీద బరువు పడితే అది వంగుతుంది. ఎడమవైపు హెడ్‌స్టాక్ బరువు ఎక్కువ కనుక క్యారేజ్‌ను, టెయిల్‌స్టాక్‌ను కుడి చివరకు జరిపితే తూకం కుదురుతుంది.

స్టేషన్ ఘన్‌పూర్ చుట్టుపక్కల ఎర్ర చెలక నేలలూ ఉన్నాయి, నల్లరేగడి నేలలూ ఉన్నాయి. నల్లరేగడి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుని బీటలు వారుతుంది. పత్తికి వరమైన ఈ గుణమే లేత్‌కు శాపం. అటువంటి నేల మీద పల్చటి గచ్చు పోసి యంత్రం దింపితే ఏరువాక నాటికి ఒక తీరు, వేసవికి ఒక తీరుగా అది మెలిపడుతుంది. అందుకని నల్లమట్టిని గట్టి పొర తగిలేదాకా తీసివేసి, మొరం నింపి, నీళ్లు చల్లుతూ దిమ్మిసతో కుదించి, దాని మీద ఇనుప చువ్వల కాంక్రీటు కనీసం ఆరు అంగుళాల మందాన పోయాలి. కాంక్రీటు తన పూర్తి బలం పుంజుకోవడానికి 28 రోజులు లెక్క కడతారు కనుక, అన్నాళ్లూ నీళ్లు పట్టి ఆగే ఓపిక ఉన్నవారికే మంచి లేత్ దక్కుతుంది.

కరెంటు విషయంలో ఊరి షెడ్డుకు ప్రత్యేకమైన చిక్కులున్నాయి. చాలా లేత్‌ల మోటారు 415 వోల్టుల త్రీఫేజ్‌ది, ఇంటికి వచ్చేది 230 వోల్టుల సింగిల్ ఫేజ్. చిన్న మోటారులకు వేగాన్ని మార్చగల విద్యుత్ డ్రైవ్ ఈ చిక్కును విప్పుతుంది. వీఎఫ్‌డీ అని పిలిచే ఈ పెట్టె సింగిల్ ఫేజ్‌ను తీసుకుని త్రీఫేజ్‌ను ఇస్తుంది. అయితే అది ఇచ్చేది 230 వోల్టులే కనుక, మోటారు అందుకు తగినదో కాదో దాని పలక మీద చూసి, తగినదైతే తీగలను స్టార్ పద్ధతి నుంచి డెల్టా పద్ధతికి ఎలక్ట్రీషియన్ చేత మార్పించాలి. డ్రైవ్‌కూ మోటారుకూ నడుమ వేరే స్విచ్ ఉండరాదు, నడుస్తుండగా ఆ స్విచ్ తీస్తే డ్రైవ్ కాలిపోవచ్చు. వ్యవసాయ బోరుకు ఇచ్చే ఉచిత కరెంటును పక్కనే ఉన్న షెడ్డుకు లాగడం విద్యుత్ చట్టం దృష్టిలో అనుమతి లేని వాడకం. షెడ్డుకు వేరే కనెక్షన్, లోతైన ఎర్తింగ్ ఉండి తీరాలి.

మట్టం రహస్యం

లేత్ నిలపడంలో అన్నిటికంటే ఎక్కువగా అపార్థమయ్యేది మట్టం. మేస్త్రీ వాడే రసమట్టం గోడకు సరిపోతుంది కాని లేత్‌కు చాలదు. యంత్రాలకు వాడే మట్టం మీటరుకు 0.02 మిల్లీమీటరు వాలును చూపగలగాలి. దానిని బెడ్ మీద అడ్డంగా, ఒకసారి హెడ్‌స్టాక్ దగ్గర, ఒకసారి టెయిల్‌స్టాక్ చివర పెట్టి చూడాలి. రెండు చోట్లా బుడగ ఒకే గీత దగ్గర నిలవాలి.

ఇక్కడ గ్రహించవలసిన విషయం ఏమంటే, లేత్ భూమికి సమాంతరంగా ఉండటం అసలు లక్ష్యం కాదు, బెడ్ మెలిపడకుండా ఉండటమే లక్ష్యం. సముద్రంలో ఊగే ఓడల్లో కూడా మరమ్మతుల కోసం లేత్‌లు ఉంటాయి, అవి ఎన్నడూ మట్టంగా ఉండకపోయినా తిన్నగా చెక్కుతాయి. రెండు చివరలా వాలు ఒకటే అయితే బెడ్ మెలిక లేకుండా ఉన్నట్టు లెక్క. ఆ ఒకటేతనాన్ని కొలవడానికే భూమి ఆకర్షణను సాక్షిగా పిలుస్తున్నాము, అంతే. పాదాల కింద ఇత్తడి రేకులు పెట్టి ఈ సమానత్వాన్ని సాధించిన తరువాత బోల్టులు బిగించాలి, బిగించాక మళ్లీ చూడాలి, పదిహేను రోజుల తరువాత యంత్రం నేలలో కుదురుకున్నాక ఇంకోసారి చూడాలి.

చివరి తీర్పు మట్టం చెప్పదు, లోహమే చెబుతుంది. ఒక లావాటి కడ్డీని టెయిల్‌స్టాక్ ఆసరా లేకుండా చక్‌లో బిగించి, నడుమ భాగం సన్నగా చెక్కి, చక్ దగ్గర ఒక ఉబ్బు, బయటి చివర ఒక ఉబ్బు మిగల్చాలి. ఉలి లోతు మార్చకుండా ఈ రెండు ఉబ్బుల మీదుగా పల్చటి కోత తీసి, మైక్రోమీటరుతో వాటి వ్యాసాలు కొలవాలి. రెండూ సమానమైతే లేత్ సిద్ధం. బయటి చివర లావుగా వస్తే, అక్కడికి చేరేసరికి ఉలి పని నుంచి దూరంగా జరుగుతున్నదని అర్థం. అప్పుడు టెయిల్‌స్టాక్ వైపున పనివాడు నిలిచే ముందు పాదాన్ని కాస్త ఎత్తి మళ్లీ చెక్కి చూడాలి. సన్నగా వస్తే అదే పాదాన్ని దించాలి. ఒక పూట పట్టినా, ఒక రోజు పట్టినా ఈ పరీక్ష ముగియకుండా తీసిన పని ఏదీ నమ్మదగినది కాదు.

నూరోవంతు విలువ

వర్క్‌షాపు భాషలో అంగుళంలో ఎనిమిదో వంతును సూతు అంటారు. తలుపు బిగించేవారికి సూతు చాలా చిన్న కొలత, లేత్ పనివారికి అది మహా పెద్ద కొలత. 25 మిల్లీమీటర్ల రంధ్రం గల 6205 బేరింగును ఉదాహరణగా తీసుకుంటే, అది కూర్చునే షాఫ్టు సాధారణంగా 25 మిల్లీమీటర్ల కంటే 2 నుంచి 15 మైక్రాన్లు మాత్రమే లావుగా ఉండాలి. మిల్లీమీటరులో వెయ్యోవంతే మైక్రాన్. ఆ హద్దు కంటే సన్నగా ఉంటే బేరింగు షాఫ్టు మీద జారుతూ దానిని తినేస్తుంది, లావుగా ఉంటే బేరింగు లోపలి గుండ్లు బిగుసుకుని వేడెక్కి పగులుతాయి. అరిగిన షాఫ్టును వెల్డింగుతో పూడ్చి తిరిగి చెక్కినా రెండు నెలలకే మోటారు మళ్లీ షెడ్డుకు చేరుతున్నదంటే, తప్పు తరచుగా ఈ పదమూడు మైక్రాన్ల వెడల్పులోనే దాగి ఉంటుంది.

ఇంత చిన్న హద్దులో వాతావరణం కూడా చేయి పెడుతుంది. 50 మిల్లీమీటర్ల ఉక్కు కడ్డీ కోత వేడికి 20 డిగ్రీలు పెరిగితే దాదాపు నూరోవంతు మిల్లీమీటరు లావెక్కుతుంది. రేకుల షెడ్డులో ఏప్రిల్ మధ్యాహ్నం వేడిగా ఉన్నప్పుడు కొలిచిన షాఫ్టు రాత్రికి చల్లారాక సన్నబడటంలో ఆశ్చర్యమేమీ లేదు. కనుక చివరి కోతకు ముందు పనిని చల్లారనివ్వడం అనుభవజ్ఞుల నియమం.

మూడు దవడల చక్ వస్తువును త్వరగా పడుతుంది కాని సరిగ్గా కేంద్రంలో పట్టదు; మంచి స్థితిలో ఉన్నదానిలో కూడా మిల్లీమీటరులో ఇరవయ్యోవంతు తేడా ఉండవచ్చు. నాలుగు దవడలు విడివిడిగా కదిలే చక్‌లో డయల్ గేజ్ పెట్టి ఓపికగా సరిచేస్తే ఆ తేడాను నూరోవంతుకు తగ్గించవచ్చు. ఒకసారి చెక్కి తీసిన షాఫ్టును మళ్లీ బిగించవలసి వచ్చే మరమ్మతు పనిలో నాలుగు దవడల చక్ లేని లేత్ సగం యంత్రమే. ఉలి మొన సరిగ్గా కేంద్రం ఎత్తులో ఉండాలి. వేగం పదార్థాన్ని, వ్యాసాన్ని బట్టి మారాలి. మెత్తని ఉక్కును హైస్పీడ్ స్టీల్ ఉలితో నిమిషానికి 30 మీటర్ల వేగంతో చెక్కుతారనుకుంటే, 50 మిల్లీమీటర్ల కడ్డీ నిమిషానికి సుమారు 190 చుట్లు, 25 మిల్లీమీటర్ల కడ్డీ సుమారు 380 చుట్లు తిరగాలి. వ్యాసం సగమైతే చుట్లు రెట్టింపు.

ప్రాణానికి పది నియమాలు లేవు, మూడే ఉన్నాయి

తిరిగే లేత్‌కు మనిషిని గుర్తుపట్టే కళ్లు లేవు. మొదటి నియమం, చక్ తాళంచెవి చేతిలో ఉండాలి లేదా గోడ కొక్కేనికి ఉండాలి, చక్‌లో ఎన్నడూ మిగలకూడదు. మరచిన తాళంచెవి స్విచ్ వేయగానే రాయిలా ఎగురుతుంది. రెండవది, భుజం మీది తువ్వాల, లుంగీ, పొడవు చేతుల చొక్కా, చున్నీ, విప్పిన జుట్టు, వేలి ఉంగరం, చేతి తొడుగు, వీటిలో ఏదీ తిరిగే పనికి దగ్గరగా రాకూడదు. తొడుగు చేతిని కాపాడుతుందన్నది ఇతర పనుల్లో నిజం కావచ్చు, లేత్ దగ్గర అది చేతిని లోపలికి లాగుతుంది. మూడవది, కళ్లకు అద్దాలు లేకుండా కోత మొదలుపెట్టకూడదు, ఉలి నుంచి తీగలా వచ్చే లోహపు చెక్కను చేత్తో లాగకూడదు, కొక్కేనికి తగిలించి లాగాలి. వీటికి తోడు చేతికందే ఎత్తులో ఆపే బటన్, షాక్ ప్రాణం తీయకముందే కరెంటు తెంచే ఆర్‌సీసీబీ ఉన్న షెడ్డు నిజంగా వర్క్‌షాపు అనిపించుకుంటుంది.

ఈ విద్యను క్రమంగా నేర్చుకోదలచిన యువతకు ఐటీఐలలో టర్నర్ కోర్సు ఉన్నది. రెండేళ్ల ఈ శిక్షణలో పై కొలతలు, మరల లెక్కలు, ఉలి సానబట్టడం చేతికి అలవాటవుతాయి. జనగామ పక్కనే పెంబర్తిలో ఇత్తడిరేకును సుత్తితో దేవతావిగ్రహంగా మలచే కళాకారుల చేతికి ఉన్న ఓర్పు, లేత్ దగ్గర నిలిచే చేతికి కూడా అవసరం. అక్కడ కన్ను తీర్పు చెబుతుంది, ఇక్కడ మైక్రోమీటరు చెబుతుంది.

లేత్ కొనదలచినవారు ముందు మీటరుకు 0.02 మిల్లీమీటరు చూపే మట్టాన్ని, ఒక డయల్ గేజ్‌ను, ఒక మైక్రోమీటరును కొని, వాటిని వెంట తీసుకుని యంత్రం చూడటానికి వెళ్లాలి. ఆ మూడు పనిముట్లను చూసి అమ్మకందారు మొహం ముడుచుకుంటే ఆ యంత్రాన్ని అక్కడే వదిలేసి రావడం మంచిది. తుపాకీ గొట్టంతో షెడ్డు గుమ్మం ఎక్కినవారికి చెప్పవలసిన జవాబు కూడా ఒక్కటే, ఇక్కడ పంపులే బాగుచేస్తారని.